ఉద్దానం పెళ్లి బొమ్మలు ఎవరు దాస్తారు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, పలాస స్టేషన్‌లో దిగే పెళ్లికొడుకుల్లో చాలామందికి సెలవు రోజులు లెక్కే. ఒకరు సైన్యం నుంచి వస్తారు. ఒకరు చెన్నైలో కట్టుబడి పని నుంచి, మరొకరు గల్ఫ్‌లో వెల్డింగ్ పని నుంచి వస్తారు. తీరంలోని మత్స్యకార గ్రామాల కుర్రాళ్లయితే గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద నుంచి దిగుతారు. తిరుగు టికెట్ జేబులో ఉంటుంది. ఆలోపే పెళ్లి బట్టలు, శివసాగర్ తీరంలోనో బారువ బీచ్‌లోనో ప్రీ వెడ్డింగ్ షూట్, రాట, పెళ్లి, వ్రతం అన్నీ అయిపోవాలి. అందుకే కాశీబుగ్గ, టెక్కలి, సోంపేట, కంచిలి ఊళ్లలో ఫొటో స్టూడియో నడిపేవాళ్లు పంచాంగం ఒక చేత్తో, రైళ్ల టైమ్‌ టేబుల్ ఇంకో చేత్తో పట్టుకుని బుకింగులు రాసుకుంటారు.

మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం. ఏడాది సంపాదనంతా దాదాపు ఈ నెలల్లోనే. ఆషాఢం, పుష్యం వస్తే ముహూర్తాలు ఉండవు. గురు మౌఢ్యమో శుక్ర మౌఢ్యమో మధ్యలో పడిందా, మంచి సీజన్ కూడా ఖాళీ. కానీ షాపు అద్దె ఆగదు, కెమెరా మీద తీసుకున్న అప్పు వాయిదా ఆగదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఒకటి, దానికి రెండు లెన్సులు కొంటేనే లక్షల్లో మాట. ఖాళీ నెలల్లో పాస్‌పోర్టు ఫొటోలు, లామినేషన్, బడి పిల్లల ఐడీ కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లతో స్టూడియో బతుకుతుంది. మళ్లీ ఒకే రాత్రి మూడు ముహూర్తాలు వస్తే ఓనరు ఒక పెళ్లికి వెళ్లి, మిగతా రెండింటికీ అద్దె కెమెరాలతో కుర్రాళ్లను పంపాలి. జీడిపిక్కల డబ్బు చేతిలో ఆడే వేసవిలోనే పెళ్లిళ్లూ ఎక్కువ కాబట్టి, తోట కాయని ఏడు స్టూడియోకూ కరువే.

ఇంత కష్టపడి తీసిన బొమ్మల్ని ఆ తర్వాత ఎవరు కాపాడుతున్నారన్న సంగతి మాత్రం బేరంలో ఎక్కడా రాదు. ఎన్ని కెమెరాలు, డ్రోన్ ఉందా, ఎల్‌ఈడీ వాల్ ఎన్ని అడుగులు, ఆల్బంలో ఎన్ని షీట్లు, టీజర్ ఎప్పుడిస్తావు అని అడుగుతారు. అయిదేళ్ల తర్వాత ఆ ఫుటేజీ ఎక్కడ ఉంటుందని అడిగే పెద్దమనిషి అరుదు. చెప్పే స్టూడియో అంతకన్నా అరుదు. ఉద్దానంలో అసలు అడగాల్సింది అదే.

ఎందుకో ఇక్కడివాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఉద్దానం ప్రాంతంలోని కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి రెండు దశాబ్దాలకు పైగా మనుషుల్ని తీసుకుపోతూనే ఉంది. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరుచుకున్నాయి. హిరమండలం నుంచి తాగునీరు తెచ్చే పథకమూ మొదలైంది. ఇవన్నీ కావలసినవే. అయినా పొలంలో, కొబ్బరి తోటలో పనిచేసుకునే మనిషి నడి వయసులోనే పోయిన ఇళ్లు ఈ మండలాల్లో కొల్లలు. అలాంటి మనిషి జీవితకాలంలో ఎన్నిసార్లు ఫొటో దిగి ఉంటాడు? ఆధార్ కార్డుకు ఒకసారి, రేషన్ కార్డుకు ఒకసారి. నవ్వుతూ, కొత్త బట్టల్లో, పదిమంది మధ్య కనిపించేది మాత్రం కూతురి పెళ్లి వీడియోలోనే, మేనల్లుడి పెళ్లి ఆల్బంలోనే.

ఆ మనిషి పోయాక, పదకొండో రోజుకు పటం కట్టించాలని ఇంట్లోవాళ్లు స్టూడియోకు వస్తారు. చేతిలో ఓ సీడీ ఉంటుంది. "బాబూ, ఇందులో మా నాన్న ఉన్నాడు, బొమ్మ పెద్దది చేసి పెట్టు" అంటారు. ఈ మాట వినని స్టూడియో ఉద్దానం చుట్టుపక్కల ఉండదు. అక్కడే అసలు చిక్కు బయటపడుతుంది.

రెండువేల సంవత్సరం తర్వాత కొన్నేళ్లు పెళ్లివారి చేతికి ఇచ్చినవి వీసీడీలు. వాటిలో బొమ్మ సైజు 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. గ్రూప్ ఫొటోలాంటి దృశ్యంలో ఒక మనిషి ముఖానికి అందులో వచ్చేది పాతికో ముప్పయ్యో చుక్కలు. దాన్ని పన్నెండు అంగుళాలకు పెంచితే మిగిలేది మసక. నిజానికి ఆ పెళ్లిని తీసిన మినీ డీవీ క్యాసెట్‌లో బొమ్మ 720 చుక్కల వెడల్పుతో, అంతకు నాలుగు రెట్లకు పైగా వివరంగా ఉండేది. కానీ క్యాసెట్‌కు డబ్బు పెట్టాలి కాబట్టి మిక్సింగ్ అయిపోగానే దాని మీదే తర్వాతి పెళ్లి తీసేవారు. మంచి బొమ్మ చెరిగిపోయింది, చిన్న బొమ్మ బీరువాలో మిగిలింది. ఇందులో స్టూడియోవాడిని తిట్టి లాభం లేదు. క్యాసెట్ డబ్బు విడిగా ఇస్తాం, అసలుది మాకే ఉంచు అని పెళ్లివారూ అనలేదు.

ఇప్పుడు ఫోన్ యాప్‌లు మసక ముఖాన్ని క్షణంలో తళతళలాడించేస్తున్నాయి. కళ్లు, పళ్లు, కనుబొమలు అన్నీ స్పష్టంగా వస్తాయి. కానీ ఆ వివరం పాత వీడియోలో లేదు. వేలాది ఇతర ముఖాల నుంచి నేర్చుకుని యాప్ ఊహించి పూసినది. పటంలో ఉన్న మనిషిని చూసి మనవడు ఇదే మా తాత అనుకుంటాడు. ఆ కళ్లు తాతవి కాకపోవచ్చు. కస్టమరు అడిగాడని చేసి ఇచ్చినా, ఇది యాప్ దిద్దిన ముఖమని చెప్పి, మసకగా ఉన్న అసలు ఫ్రేమును కూడా అదే కవరులో పెట్టి ఇవ్వడం స్టూడియో కనీస ధర్మం.

క్యాసెట్లకు ఇంకో గండం ఉంది. ప్రపంచంలో వీహెచ్‌ఎస్ ప్లేయర్లు తయారుచేస్తూ మిగిలిన చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఆ పని ఆపేసింది. టేపుల మీద ఉన్నదాన్ని వెంటనే డిజిటల్‌లోకి మార్చుకోకపోతే 2025 నాటికల్లా వాటిని ఆడించే యంత్రాలే దొరకని స్థితి వస్తుందని యునెస్కో 2019లోనే ప్రపంచానికంతటికీ హెచ్చరిక చేసింది. పెద్ద పెద్ద ఆర్కైవుల గురించి చెప్పిన ఆ మాట మందస బీరువాలో ఉన్న మూడు గంటల పెళ్లి క్యాసెట్‌కు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. సముద్రపు ఉప్పు గాలి, ఏడాదిలో సగం తేమ. లెన్సు గాజుకే బూజు పట్టే ఊళ్లివి. టేపు మీద తెల్లగా బూజు పట్టాక దాన్ని ఆడిస్తే ఆ టేపుతో పాటు ప్లేయర్ హెడ్డూ పాడవుతుంది.

తిత్లీ తుపానును ఇంకా ఎవరూ మరవలేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున, దసరా నవరాత్రుల్లో, గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలితో పలాసకు దగ్గరలోనే తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకూలాయి. ఎన్నో ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. పంట నష్టానికి లెక్కలు రాశారు, ఇళ్లకు రాశారు, పడవలకు రాశారు. పైకప్పు ఎగిరిపోయిన ఇళ్లలో నానిపోయిన పెళ్లి ఆల్బంలకు లెక్క లేదు, రాయాలని ఎవరికీ తోచనూ లేదు. ఇక్కడ ఒక ముక్క చెప్పుకోవాలి, ఎందుకంటే తుపానులు మళ్లీ వస్తాయి. తడిసిన ఆల్బం విషయంలో అందరూ చేసే పని, అలాగే మూసి ఎండలో పెట్టడం. ఫొటో కాగితం మీది జెలటిన్ పొర తడికి ఉబ్బి, ఎండగానే పక్క ఫొటోకు అతుక్కుపోతుంది. ఇక విడదీస్తే ముఖం ఊడి వస్తుంది. తడి ఆరకముందే శుభ్రమైన నీళ్లలో ముంచి, మెల్లగా ఒక్కొక్కటే విడదీసి, బొమ్మ వైపు పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. ఈ మాట స్టూడియోల గోడల మీద రాసి పెట్టదగ్గది.

క్యాసెట్ల కాలం పోయిందిగా, ఇప్పుడంతా హార్డ్ డిస్కులేగా అంటారు కొందరు. ఇబ్బంది పోలేదు, పెరిగింది. 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఆరేసి గంటలు నడిస్తే 540 జీబీ. దానికి ఫొటోలు, డ్రోన్ క్లిప్పులు కలిపితే ఒక్క పెళ్లే ముప్పాతిక టీబీ దాకా తింటుంది. సీజన్‌కు ఇరవై, ముప్పై పెళ్లిళ్లు చేసే చిన్న స్టూడియో ఇదంతా రెండు కాపీలు చొప్పున ఎన్నాళ్లు దాచగలదు? దాచలేదు. ఆల్బం విశాఖ ల్యాబ్ నుంచి వచ్చి, బాకీ వసూలయ్యాక, కొత్త ముహూర్తాల ముందు డిస్కు ఖాళీ చేస్తారు. పెళ్లివారికి మిగిలేది ఒక పెన్‌డ్రైవ్, యూట్యూబ్ లింకు. వెనక మోగిన సినిమా పాట వల్ల కాపీరైట్ అభ్యంతరం వస్తే ఆ లింకులో సౌండ్ పోవచ్చు, వీడియోయే ఆగిపోవచ్చు. పెళ్లి ఊరేగింపులో పాటలు వేసుకోవడం తప్పు కాదని మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. యూట్యూబ్‌లో ఆ మినహాయింపు అక్కరకు రాదు.

అదే 1957 నాటి చట్టంలో 17వ సెక్షన్ ఇంకో సంగతి చెబుతుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే. తీసినవాడిది కాదు. ఇది తెలియక ఎన్నో స్టూడియోలు పెళ్లికూతురి బొమ్మల్ని అడగకుండానే ఇన్‌స్టాగ్రామ్‌లో, షాపు ముందు ఫ్లెక్సీలో పెట్టేస్తున్నాయి. అది మానుకోవాలి. ఒక్క సంతకం తీసుకుంటే పోయేదేమీ లేదు. డ్రోన్ విషయమూ అంతే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పందిట్లో పిల్లల తలల మీద రెక్కలు తిప్పే పని అది.

విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చే సినిమాటిక్ టీములతో పోటీపడలేక పోతున్నామని స్థానిక స్టూడియోవాళ్లు బాధపడుతున్నారు. ఆ టీముల పొగ, పూలవాన, స్లో మోషన్ చూడటానికి బాగుంటాయి. కానీ పందిరి చివర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ముసలావిడ పెళ్లికొడుకును పెంచిన మేనత్త అని వాళ్లకెలా తెలుస్తుంది? డయాలసిస్ నుంచి నేరుగా పెళ్లికి వచ్చి, అరగంట ఉండి వెళ్లిపోయే పెదనాన్నను పట్టుకుని దంపతుల పక్కన నిలబెట్టి బొమ్మ తీసేది ఊరివాడే. అప్పగింతలప్పుడు ఎవరు ఏడుస్తారో, మాటలు లేని అన్నదమ్ములను ఏ క్షణంలో ఒక ఫ్రేములోకి తేవచ్చో కాశీబుగ్గ ఫొటోగ్రాఫరుకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. అతని బలం అదే. ఆ బలానికి దాచిపెట్టే బాధ్యత కూడా తోడైతే బయటి టీము ఎంత ఖరీదైన లెన్సు తెచ్చినా అతన్ని పక్కకు నెట్టలేదు.

ఆ బాధ్యత ఊరికే మోయమనడం అన్యాయం. దానికి ధర ఉండాలి. కవరేజీ, ఆల్బం, మిక్సింగ్‌తో పాటు బిల్లులో భద్రపరచడం అని ఇంకో గీత పడాలి. అసలు ఫుటేజీ మొత్తం ఒక కొత్త హార్డ్ డిస్కులో పెళ్లివారికి. మిక్సింగ్ చేసిన వీడియో, ఏరిన ఫొటోలు పదేళ్ల పాటు స్టూడియోలో. ఏ తేదీ దాకా ఉంచుతారో బిల్లు మీదే రాయాలి, చెరిపేముందు ఫోన్ చేయాలి. ఆ డిస్కు ఖరీదు ఈ రోజుల్లో పెళ్లివారి ఒక పూట టిఫిన్ల ఖర్చంత కూడా కాదు. దానికి బేరమాడకూడదు.

ప్రభుత్వం చేయగలిగిందీ ఉంది. 2023 సెప్టెంబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. పెళ్లికి పనిచేసే కంసాలి, కుమ్మరి, దర్జీ, పూలదండలు కట్టేవారు, క్షురకులు అందులో ఉన్నారు. ఫొటోగ్రాఫరు లేడు. ముద్ర రుణాలు ఉన్నాయి కానీ ఖాళీ నెలలుండే ఈ వ్యాపారానికి నెలనెలా వాయిదా గొంతు మీద కూర్చుంటుంది. ముహూర్తాల సీజన్లను బట్టి వాయిదాలు కట్టుకునే వీలు ఇవ్వడం బ్యాంకులకు పెద్ద పనేమీ కాదు. పంట రుణాలకు వాళ్లు చేస్తున్నదే అది. పాత క్యాసెట్లను మార్చే పరికరాలను పలాసలో, టెక్కలిలో ఒక్కొక్క చోట స్టూడియోల సంఘానికి ఇప్పించినా జిల్లాకు మేలు జరుగుతుంది.

అంతవరకూ ఆగకుండా ఇళ్లలోవాళ్లు చేయాల్సింది ఒకటుంది. బీరువా తెరిచి చూడండి. వీహెచ్‌ఎస్ క్యాసెట్, మినీ డీవీ, వీసీడీ, ఏదైనా సరే, బూజు పట్టి ఉంటే ఇంట్లో ఆడించకండి. ఆ పెళ్లి తీసిన స్టూడియో ఇంకా నడుస్తుంటే ముందు అక్కడికే తీసుకెళ్లండి. మూతపడితే ప్లేయర్ మిగిలి ఉన్న స్టూడియో ఎక్కడుందో కనుక్కోండి. వచ్చే ముహూర్తాలు మొదలైతే వాళ్లకు తీరిక ఉండదు. మౌఢ్యం నెలల్లోనే వెళ్లండి, అడిగిన డబ్బు ఇవ్వండి, రెండు కాపీలు చేయించి ఒకటి వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు ఇంట్లో పెట్టండి.