ఆరేళ్లకు ముందు పిల్లలు ఎవరి బాధ్యత?

1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాంతాల్లో ప్రయోగంగా మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకానికి యాభై ఏళ్లు నిండాయి. మన ఊళ్లలో దీన్ని ఐసీడీఎస్ అంటారు, ఇంకా ఎక్కువగా అంగన్‌వాడీ అంటారు. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే నేడు 55 వేలకు పైగా కేంద్రాలు ఉన్నాయి. నంద్యాల నుంచి గోస్పాడు మీదుగా కోవెలకుంట్ల వైపు వెళ్లినా, ఆళ్లగడ్డ వైపు వెళ్లినా ఊరూరా ఒక మందిరం, ఒక అంగన్‌వాడీ కనిపిస్తాయి. చాలా చోట్ల ఆ రెంటి మధ్య పిలిస్తే పలికేంత దూరమే. అయినా మందిరంలో అంగన్‌వాడీ మాట వినిపించేది అరుదు. మన పిల్లల బ్రతుకులో అతి ముఖ్యమైన ఆరేళ్లు ఆ చిన్న గదిలోనే గడుస్తున్నాయి కనుక, సంఘం ఈ విషయాన్ని తన విషయంగా ఎంచుకోవలసిన సమయం వచ్చింది.

ముందుగా ప్రభుత్వాల తీరు చూద్దాం. రాజ్యాంగంలోని 51ఎ అధికరణం పౌరుల ప్రాథమిక విధులను చెబుతుంది. 2002లో 86వ సవరణ ద్వారా అందులో తల్లిదండ్రుల విధి ఒకటి చేర్చారు. బిడ్డకు చదువుకునే అవకాశం కల్పించాలన్న ఆ విధి ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకే వర్తిస్తుంది. అదే సవరణ ఆరేళ్ల లోపు పిల్లల సంరక్షణను, విద్యను 45వ అధికరణంలో ప్రభుత్వం ప్రయత్నించవలసిన పనిగా పెట్టింది. అక్కడ తల్లిదండ్రుల ప్రస్తావన లేదు.

మన రాష్ట్రంలో 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం డబ్బు కూడా ఒకటో తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు చదివే పిల్లల తల్లులకే అందుతుంది. 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రమంతటా జరిగిన మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు బడుల్లో జరిగాయి. తల్లిదండ్రులు బడి మెట్లెక్కి టీచర్లతో కూర్చోవడం మంచిదే, దాన్ని అభినందించాలి. కానీ అక్కడికి పిలుపు వచ్చేసరికి బిడ్డకు ఆరో ఏడు వచ్చేసి ఉంటుంది.

2020 జాతీయ విద్యా విధానం ఏం చెబుతోంది? మనిషి మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరిగిపోతుందని చెబుతోంది. అందుకే మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా లెక్కగట్టింది. పునాది పోసేటప్పుడు ఇంటి యజమానిని పిలవకుండా, గోడలు లేచాక రమ్మనడం ఎలాంటిదో మేస్త్రి పని చేసే మన సహోదరులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆహారంతో పాటు ఆట

అంగన్‌వాడీ అంటే గుడ్లు, పాలు, బాలామృతం ఇచ్చే చోటు అన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది. ఆ ఆహారం చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో వందకు 31 మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. 2013 ఆహార భద్రత చట్టం ఆ ఆహారాన్ని బిడ్డ హక్కుగా చేసింది. దాన్ని ఎవరి దయగానూ తీసుకోనక్కరలేదు.

అయితే ఆహారం ఒక్కటే సరిపోతుందా? జమైకా దేశంలో 1986, 87 సంవత్సరాల్లో చేసిన ఒక ప్రయోగం ఈ ప్రశ్నకు జవాబు చెబుతుంది. కింగ్‌స్టన్ నగరంలోని పేదవాడల్లో ఎదుగుదల లేని 129 మంది పసిపిల్లలను ఎంచుకున్నారు. కొందరికి అదనపు పోషకాహారం ఇచ్చారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్త వారానికి ఒక గంట వెళ్లి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చేసి చూపించింది. కొందరికి ఆ రెండూ ఇచ్చారు, మిగిలినవారికి ఏదీ ఇవ్వలేదు. ఆట వస్తువులు కొన్నవి కావు, ఇంట్లో పారేసే డబ్బాలతో, సీసాలతో చేసినవే. ఇలా రెండేళ్లు సాగింది. ఇరవై ఏళ్ల తరువాత ఆ పిల్లలు పెద్దవారై పనుల్లో చేరాక లెక్క చూస్తే, తల్లులకు ఆట నేర్పిన ఇళ్ల పిల్లల సంపాదన దాదాపు 25 శాతం ఎక్కువగా ఉంది. పోషకాహారం మాత్రమే అందిన పిల్లల్లో అలాంటి శాశ్వతమైన మేలు కనబడలేదు.

తిండి అక్కరలేదని దీని అర్థం కాదు. ఆకలితో ఉన్న బిడ్డకు ఆట మీద మనసు పోదు. తిండి శరీరాన్ని నిలబెడితే, ఇంట్లోవాళ్ల మాట, ఆట, పలకరింపు బుద్ధిని నిలబెడతాయి. ఈ రెండో పనిని తల్లి, తండ్రి, అవ్వ, తాత చేయవలసిందే. టీచరమ్మ ఒక్కతే అంతమంది పిల్లలకు ఇంటి లోటు తీర్చలేదు.

“మాకు చదువు రాదు గదా”

ఇక్కడే మన కుటుంబాల్లో ఒక మాట వినిపిస్తుంది. “మాకు చదువు రాదు గదా, మేమేం చెప్తాం? టీచర్లే చూసుకుంటారు.” ఈ మాట సోమరితనంతో వచ్చింది కాదు, దీని వెనుక చరిత్ర ఉంది. 19వ శతాబ్దం మధ్యలో ముత్యాలపాడు కేంద్రంగా ఎస్.పి.జి. మిషన్ ఈ ప్రాంతంలో పని మొదలుపెట్టింది. ఊరి బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లలకు మిషన్ బడులే అక్షరం చూపించాయి. బిడ్డను బోర్డింగులో వేస్తే చాలు, వాడి బ్రతుకు బాగుపడుతుందన్న నమ్మకం అలా పుట్టింది. ఆ నమ్మకం ఎందరినో టీచర్లుగా, నర్సులుగా, పాస్టర్లుగా నిలబెట్టింది. అందుకు దేవునికి స్తోత్రం. దానితో పాటే, చదువు అనేది బిడ్డను అప్పగించాక మన చేతిలో లేని పని అన్న అలవాటు కూడా మనలో మిగిలిపోయింది.

మూడేళ్ల బిడ్డకు కావలసింది అక్షరం కంటే ముందు మాట. శనగలూ కందులూ కలిపి పోసి వేరు చేయమనడం లెక్కలకు మొదటి మెట్టు. చింతచెట్టు కింద పిక్కలు లెక్కపెట్టడం, కాలువలో నీళ్లు ఎటు పారుతున్నాయో అడగడం, రాత్రి అవ్వ చెప్పే కథ మధ్యలో “తరువాత ఏమైంది?” అని బిడ్డ చేత చెప్పించడం, ఇవన్నీ చదువే. వీటికి సంతకం చేయడం కూడా రానక్కరలేదు.

కేంద్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన ఆధారశిల పాఠ్య ప్రణాళిక మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటే పాఠమని చెబుతోంది. కానీ మన తల్లిదండ్రుల కొలత వేరు. “అంగన్‌వాడీలో ఆడిస్తారంతే, నర్సరీలో అయితే ఏబీసీడీ రాయిస్తారు” అని పసుపు వ్యాను ఎక్కిస్తారు. అప్పు చేసైనా ఫీజు కడతారు. మూడేళ్ల చేతివేళ్లు పెన్సిలు పట్టడానికి ఇంకా సిద్ధం కావు. నోటుపుస్తకం నిండింది కాబట్టి బిడ్డ నేర్చుకున్నాడని అనుకోవడం సరికాదు. ప్రైవేటు బడికి పంపడం తప్పని మేము అనడం లేదు. ఎక్కడికి పంపినా, బిడ్డ అక్కడ నవ్వుతున్నాడా, మాట్లాడుతున్నాడా, ప్రశ్నలు అడుగుతున్నాడా అని చూడమంటున్నాం.

ఫోను సంగతి కూడా చెప్పాలి. అలసి వచ్చిన తల్లి వంట చేసుకోవాలంటే బిడ్డ చేతికి ఫోను ఇవ్వడం సులువు. ఏడాది లోపు బిడ్డకు అసలు తెర చూపించవద్దని, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోను బిడ్డతో మాట్లాడినట్టే ఉంటుంది గానీ బిడ్డ అడిగినదానికి జవాబు చెప్పదు.

హన్నా కుట్టిన అంగీ

వాక్యం ఈ విషయంలో మౌనంగా లేదు. పిల్లలకు నేర్పే పనిని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం రోజువారీ సంసారంలోనే పెట్టింది. తిమోతి విశ్వాసానికి మూలం చెప్పవలసి వచ్చినప్పుడు పౌలు అవ్వ లోయినీ తల్లి యునీకేనూ పేరు పెట్టి గుర్తుచేశాడు.

అందరికంటే ఎక్కువగా మనం తలచుకోవలసింది హన్నాను. ఆమె పాలు విడిచిన బిడ్డను షిలోహులో ఏలీకి అప్పగించింది. అంతటితో తన పని అయిపోయిందని అనుకోలేదు. ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లిందని మొదటి సమూయేలు గ్రంథం 2వ అధ్యాయం చెబుతుంది. దూరాన ఉన్న బిడ్డకు అంగీ కుట్టాలంటే ఈ ఏడు ఎంత ఎదిగాడో తల్లికి తెలియాలి, తెలియకపోతే అంచనా అయినా వేయాలి. అంగన్‌వాడీలో ప్రతి బిడ్డకు బరువు, ఎత్తు రాసే ఎదుగుదల పట్టిక ఉంటుంది. మన బిడ్డ గీత ఆ పట్టికలో ఎక్కడ ఉందో మనలో ఎందరికి తెలుసు? బిడ్డను అప్పగించిన తరువాత కూడా కొలత తెలుసుకోవడం మానకపోవడమే హన్నా మనకు చూపిన మాదిరి.

తల్లిని నిందించకముందు

ఇంతవరకు చదివి, తప్పంతా తల్లులదేనని ఎవరైనా అనుకుంటే అది అన్యాయం. కుందూ ఒడ్డున, కె.సి. కెనాల్ కింద వరినాట్ల కాలంలోనూ, మిరపకాయల కోత కాలంలోనూ కూలి ఆటో తెల్లవారకముందే వాడలోకి వస్తుంది. అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదికి. ఆ మధ్య గంటల్లో బిడ్డను ఎవరు చూస్తారు? అవ్వ ఉంటే అవ్వ, లేకపోతే ఎనిమిదేళ్ల అక్క. చిన్నవాడు అంగన్‌వాడీకి చేరేసరికి అక్క బడి గంట దాటిపోతుంది. అలా ఒక బిడ్డ కోసం ఇంకో బిడ్డ చదువు పోతుంది. నెలకొకసారి అంగన్‌వాడీలో జరిపే శిశు విద్యా దినానికి రమ్మంటే ఆ తల్లి ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. తండ్రిని అయితే అసలు ఎవరూ పిలవరు. అది ఆడవాళ్ల పని అని ఆయనా అనుకుంటాడు, మనమూ అనుకుంటాం.

టీచరు వైపు నుంచి కూడా చూడాలి. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు రాష్ట్రంలోని అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మె చేశారు. అప్పటికి టీచరు గౌరవ వేతనం 11,500 రూపాయలు, ఆయాకు 7,000. ఆ డబ్బుతో వంట, బరువు తూకాలు, టీకాల రోజు, గర్భిణుల లెక్క, ఫోనులో వివరాలు ఎక్కించడం, ఇంకా అడపాదడపా సర్వేలు, అన్నీ వారే చేయాలి. పాఠానికి మిగిలే సమయం ఎంతో ఎవరైనా ఊహించవచ్చు. టీచరమ్మ మీద ఫిర్యాదు చేసే ముందు, ఆమె పనిలో కొంచెం మన భుజం కలపగలమా అని అడగాలి.

సంఘం చేయగల పని

సంఘానికి ఇక్కడ చోటు ఉంది. వాడలో ఎవరి బిడ్డ ఎవరి దగ్గర ఉంటున్నాడో స్త్రీల సమాజానికి తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు. తెల్లవారి ఆరు నుంచి తొమ్మిది వరకు పసివారిని చూసుకోవడానికి ఇద్దరు పెద్ద వయసు తల్లులు, ఒక రిటైరైన టీచరు ముందుకు వస్తే, కొన్ని ఇళ్లలో అక్కలు వేళకు బడికి వెళ్తారు. శిశు విద్యా దినానికి నెలకు ఒక్కరోజు తండ్రి వెళ్లేలా పురుషుల సహవాసం పూనుకోవచ్చు. కేంద్రం స్థాయిలో పర్యవేక్షణ కమిటీ ఉండాలని, అందులో తల్లులకూ చోటు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2011లోనే చెప్పింది. మన ఊరిలో ఆ కమిటీ కూర్చుంటోందా అని అడగడం ఫిర్యాదు కిందికి రాదు.

కేంద్రం అసలు లేని వాడలూ ఉండవచ్చు. ఆరేళ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని చోట, అడిగిన మూడు నెలల్లోగా కేంద్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. కొత్త కేంద్రాల్లో దళిత, గిరిజన వాడలకు ముందు చోటివ్వాలని కూడా చెప్పింది. ఊరి మధ్యలో ఉన్న కేంద్రానికి వాడ పిల్లలు వెళ్లడం లేదంటే దూరమే కారణమా, ఇంకేదైనా ఉందా అని సంఘ పెద్దలు విచారించాలి. కలిసి కూర్చుని తినే మొదటి పంక్తి ఆ పిల్లలకు అంగన్‌వాడీయే. అక్కడ వేరు చేస్తే ఆ గాయం చాలా కాలం ఉంటుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. అంగన్‌వాడీ అన్ని మతాల పిల్లలది. అక్కడికి సహాయం చేయడానికి వెళ్లేవారు కరపత్రాలతో వెళ్లకూడదు. మందిరం గదిని కేంద్రానికి ఇచ్చినా, తెల్లవారుజామున పిల్లలను చూసుకున్నా, ప్రతి ఇంటి బిడ్డకూ ఒకే ఆదరణ ఉండాలి. యేసు ప్రభువు చిన్నబిడ్డలను ఎత్తుకున్నప్పుడు వారి తల్లిదండ్రులు ఎవరని అడిగినట్టు సువార్తల్లో ఎక్కడా లేదు.

మన సండే స్కూలు సంగతి కూడా చూసుకోవాలి. పెద్ద పిల్లలకు అనుభవం గల టీచరును ఇచ్చి, పసివారి తరగతిని ఎవరు దొరికితే వారికి అప్పగించడం చాలా సంఘాల్లో ఉన్నదే. బాప్తిస్మమో ప్రతిష్ఠో జరిగే రోజున బిడ్డను భయభక్తులతో పెంచుతామని తల్లిదండ్రులు ప్రమాణం చేస్తారు, సంఘమంతా సాక్షిగా నిలబడుతుంది. ఆ సాక్ష్యం ఆ రోజు విందుతో ముగిసిపోకూడదు.

కనుక పాస్టర్లకు, సంఘ పెద్దలకు మా మనవి ఇది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఒక కాగితం తీసుకోండి. మన సంఘ కుటుంబాల్లో ఆరేళ్ల లోపు పిల్లలు ఎంతమంది, ఏ కేంద్రానికి వెళ్తున్నారు, పొద్దున ఎవరు దిగబెడుతున్నారు, టీచరమ్మతో చివరిసారి మాట్లాడింది ఎప్పుడు అని ఇంటింటికీ అడిగి రాయండి. జవాబులు తెలిశాక చేయవలసిన పని ఏమిటో ఆ కాగితమే చెబుతుంది.