తడిక తోసుకొని వచ్చే చట్టం ఎవరిది?

ఊర్లో పెద్దింట్లో సొమ్ము పోతే పోలీసులు ముందు తోసేది ఎవరి తలుపు? మన గుడిసె తడికనే. కుండలు దొర్లిస్తారు, గింజల మూట కుమ్మరిస్తారు. ఏమీ దొరక్కపోతే మనిషినే ఎక్కించుకొని పోతారు. ఈ అలవాటు యాడ పుట్టిందో మనం తెలుసుకోవాల.

తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం చేసినారు. 1911లో అది మద్రాసు రాజధానికి వచ్చింది. మన అనంతపురం అప్పుడు అందులోనిదే. ఎరుకలోళ్లు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, గింజలు మోసి అమ్ముకొని బతికినోళ్లు. రైలు వచ్చి ఆ బేరాన్ని చంపింది. 1876-78 కరువు మిగిలింది ఊడ్చుకపోయింది. బతుకుతెరువు పోయినోళ్లకు కూడు పెట్టాల్సిన సర్కారు దొంగలని ముద్ర వేసింది. ఒక మనిషికి కాదు, పుట్టిన బిడ్డతో సహా కులానికంతా! వేలిముద్రలు తీసుకున్నారు. చెప్పిన వేళకు హాజరు కమ్మన్నారు. స్టూవర్టుపురం, కావలి లాంటి సెటిల్మెంట్లలో పెట్టినారు. ఆ ముద్ర తప్పని కోర్టులో అడిగే దారి కూడా మూసినారు. 1920 ఏప్రిల్ 3న మధుర జిల్లా పెరుంగామనల్లూరులో వేలిముద్రలియ్యమని ఎదురు తిరిగిన కళ్లర్లను కాల్చి చంపినారు.

దీనికంతా వాళ్లు పెట్టిన పేరు శాంతిభద్రతలు. ఎవరి భద్రత? భూమి, సొమ్ము ఉన్నోళ్ల భద్రత. గుడిసెలో నిద్రపోయే ఆడబిడ్డకు భద్రత అక్కర్లేదా?

1952లో ఆ చట్టం దేశమంతా రద్దయింది. దాని చోట అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చినాయి. మన రాష్ట్రంలో 1962లో చేసినారు. అదే 1962లో సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ కేసులో నిఘా పేరుతో రాత్రిపూట ఇండ్లలోకి పోవడం చెల్లదని చెప్పింది. తీర్పు ఢిల్లీలో ఉంది, లాఠీ మన వాకిట్లో ఉంది.

దొంగను పట్టుకోవద్దని మేము అనడం లేదు. కులం సాక్ష్యం కాదంటున్నాం. ఇంకో మాట కూడా దాచుకోకుండా చెప్పుకుందాం. కోడి పోతే మన మాల, మాదిగ వాడల్లోనూ 'ఎరుకలోళ్ల పనే' అనే నోళ్లున్నాయి. ఆ మాట దొర నేర్పిందే. ముందు దాన్ని మనం మానాల.

వారంటు లేకుండా సోదా చేయాలంటే కారణం ముందే రాయాల. ఇద్దరు స్థానికులు సాక్షులుండాల. దొరికిన వస్తువుల పట్టీ నకలు ఇంటివాళ్లకియ్యాల. ఆడమనిషి ఒళ్లు ఆడమనిషే వెతకాల. 2024 జులై 1 నుంచి సోదాను వీడియో కూడా తీయాల. ఇది చట్టంలో రాసిన మాట.

అన్నలారా, అక్కలారా! ఒక్కరే అడిగితే దెబ్బ పడుతుంది. అందుకే ఏ గుడిసె తడిక కదిలినా వాడంతా లేసి నిలబడాల. కారణం చూపు, సాక్షిని పిలువు, పట్టీ ఇయ్యి అని అందరమూ అడగాల!