మడతబల్ల పక్షాన నాలుగు మాటలు

ఈసారి ఛందస్సును గురించి గాని, వ్యాకరణాన్ని గురించి గాని వ్రాయబోవడం లేదు. కావ్యగౌరవం బొత్తిగా లేని ఒక వస్తువును గురించి వ్రాస్తున్నాను. అది మా ఇంట్లో బీరువాకూ గోడకూ నడుమ నాలుగంగుళాల సందులో ఒదిగి ఉండే మడతబల్ల. తెరిస్తే రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగుకు లోపు ఎత్తు. ఇప్పుడీ అక్షరాలు కూర్చుతున్నదీ దాని మీదనే.

నాలుగేళ్ల క్రితం మా అబ్బాయి ఆరు కుర్చీల భోజనాల బల్ల కొనిచ్చాడు. ప్రేమతో కొన్నది, కాదనలేకపోయాము. కాని ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆరు నెలలు తిరిగేసరికి దాని మీద మందుల డబ్బా, కరెంటు బిల్లులు, పాత పత్రికలు, ఇస్త్రీకి వేయవలసిన బట్టలు కొలువుదీరాయి. హాలులో సగం ఆక్రమించిన ఆ బల్లకు మేము రోజూ ప్రదక్షిణం చేస్తున్నాము. ఇల్లు మనుషులదా, సామానుదా అన్న సందేహం నాకు అప్పుడే కలిగింది.

మడిచే బల్ల మనకు కొత్త వింత కాదు. వ్యాసపీఠం ఏమిటి? ఒకే పలకను నడుమ కీలు వచ్చేటట్లు చీల్చి, మేకు గాని బందు గాని లేకుండా మలచినది. తెరిస్తే గ్రంథానికి ఆసనం, మూస్తే చంకలో ఇమిడే చెక్క. ముస్లిం సోదరులు ఖురాను పఠనానికి వాడే రెహలు పనితనమూ ఇదే. పనికి ఎదుటికి రావాలి, పని తీరాక పక్కకు తప్పుకోవాలి అన్న న్యాయం పాతదే.

ఇక అసలు సంగతి. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కుమార్తె పదవ తరగతి చదువుతున్నది. వారిది ఒకే గది. అక్కడే వంట, అక్కడే పడక. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని, మోకాళ్లపై పుస్తకం ఆనించి లెక్కలు చేసుకునేది. ముప్పయ్యేళ్లకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి. అలా వ్రాసిన అక్షరం చూడగానే తెలిసిపోతుంది. వరుస కిందికి జారుతుంది, ఒత్తు పై అక్షరాన్ని విడిచి దూరంగా పడుతుంది. దస్తూరి బాగాలేదని ఎందరు పిల్లలను మందలించానో! నీకు ఇంట్లో వ్రాసుకునే చోటున్నదా అని ఒక్కరినీ అడిగిన గుర్తు లేదు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆ అమ్మాయికి ఒక మడతబల్ల కొనిచ్చాను. ఇప్పుడు సాయంత్రం ఆరు మొదలు పది వరకు ఆ ఒక్క గదిలోనే ఒక మూల చదువుల గది అవుతున్నది. పదింటికి బల్ల గోడకు చేరుతుంది, చాపలు పరచుకుంటారు. అదే నాలుగు కాళ్ల పెద్ద బల్ల ఇచ్చి ఉంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరు పడక వదులుకోవలసి వచ్చేది. అందుకే బడిపిల్లలకు బహుమతి ఇవ్వదలచిన వారికి జ్ఞాపికలు, శాలువలు మాని ఈ బల్ల ఇవ్వండని నా విన్నపం.

దీనివల్ల నేల మీద కూర్చునే అలవాటు పోతుందని ఒక మిత్రుని ఆక్షేపణ. నా అనుభవం వేరు. వంగి వ్రాయలేక నేలను విడిచిన నేను, బల్ల వచ్చాకనే మళ్లీ చాప మీదికి చేరాను. మోకాళ్ల నొప్పులతో కత్తిపీట ముందు కూర్చోలేని మా ఆవిడ మంచం మీదనే ఈ బల్ల వేసుకుని గోంగూర ఒలుచుకుంటున్నది.

లోపాలు లేవనను. కాళ్లు సరిగా బిగిశాయో లేదో చూసుకోకపోతే కాఫీ ఒళ్లోకి వస్తుంది. మడిచేటప్పుడు పసివాళ్ల వేళ్లు నలిగే ప్రమాదమున్నది. రంపపు పొట్టు అదిమి చేసిన పలక అంచు తడిస్తే ఉబ్బిపోతుంది. ప్లైవుడ్ పలకే మేలు. ఎక్కి నిలబడి బూజు దులపడానికి మాత్రం అది పనికిరాదు.

ఆ పెద్ద బల్ల ఏమయిందని అడుగుతారేమో. హాలులోనే ఉన్నది. కొడుకు ప్రేమను మడిచి గోడకు ఆనించలేము గదా!