విమానం గంట, ప్రయాణం నాలుగు గంటలు

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

విశాఖ, గన్నవరం విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 290 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే ఏటీఆర్‌కు ఇది ముప్పావు గంట పని కూడా కాదు. లేవడం, దిగడం, రన్‌వే దాకా మెల్లగా సాగడం కలుపుకుని టైంటేబుల్లో గంట అని వేస్తారు. ఆ గంట నిజమే. కానీ రన్‌వే పక్కన ఎవరూ కాపురం ఉండరు కదా. విశాఖ రాకపోకలు భోగాపురం విమానాశ్రయానికి మారితే నగరం నుంచి దాదాపు 45 కిలోమీటర్లు, అంటే గంటకు తక్కువ కాదు. చెక్‌ఇన్ కౌంటర్ ఇంచుమించు గంట ముందే మూసేస్తారు కనుక అంతకన్నా ముందే చేరాలి. దిగాక సామాను కోసం నిలబడి, గన్నవరం నుంచి బెజవాడకు మరో 20 కిలోమీటర్లు రావాలి. అన్నీ కూడితే నాలుగు గంటలు దాటుతుంది. 2023 జనవరిలో మొదలైన వందేభారత్ రైలు కూడా ఇంచుమించు అంత సమయానికే, నేరుగా ఊరి నడుమ దించుతుంది.

ఇక కర్నూలు దగ్గరి ఓర్వకల్లు సంగతి. 2021 మార్చిలో మొదలైన ఆ విమానాశ్రయం నుంచి విశాఖకు గగనమార్గం 580 కిలోమీటర్ల పైమాటే, బెజవాడ మార్గానికి రెట్టింపు. రోడ్డున పోతే దాదాపు 700 కిలోమీటర్లు, ఒక రాత్రంతా. విమానంలోనైతే కర్నూలులో గడప దాటింది మొదలు విశాఖలో ఇల్లు చేరేదాకా ఐదారు గంటలు. దూరం రెట్టింపైనా ఇక్కడ ప్రయాణికుడికి ఒక పూట మిగులుతుంది, అక్కడ మిగిలేది దాదాపు సున్నా. ఈ తేడా కిలోమీటర్ల లెక్కలో కనిపించదు. 2016లో ప్రాంతీయ విమాన పథకం ఉడాన్ రూపుదిద్దుకున్నప్పుడు గంట ప్రయాణానికి, అంటే 500 కిలోమీటర్లకు అటూఇటూగా, కొన్ని సీట్లకు 2,500 రూపాయల హద్దు పెట్టారు. ఛార్జీకి అది సరైన కొలమానమే. ప్రజాధనం ఏ మార్గానికి ఇవ్వాలో తేల్చడానికి మాత్రం ఊరి నుంచి ఊరికి ఎంత కాలం ఆదా అవుతుందో చూడాలని నా మనవి. అందులో విమానం వారానికి ఎన్ని రోజులు తిరుగుతుందో కూడా చేర్చాలి. సోమవారం పనిబడ్డవాడికి బుధవారం ఎగిరే విమానం బస్సు కన్నా నెమ్మదైనదే.

విమానాశ్రయానికి వెళ్లే రోడ్డు రాష్ట్రాల బాధ్యత, మాకేం సంబంధమని మీ అధికారులు అనవచ్చు. కానీ ఉడాన్ లోటు భర్తీలో రాష్ట్రాలూ వాటా పెడుతున్నాయి. విమానం వచ్చే వేళకు బస్సు నడపాలన్న షరతును ఒప్పందంలోనే రాయించుకోవచ్చు. గన్నవరంలో దిగి మరో విమానం ఎక్కేవారికి ఈ లెక్క వర్తించదన్న అభ్యంతరంలో పస ఉంది. వారికి బెజవాడ రోడ్డుతో పనిలేదు, రైలు దిగి గన్నవరం పరుగెత్తడం కన్నా విమానమే మేలు. అందుకే ఆ ప్రయాణికులను విడిగా లెక్కించమంటున్నాను, మార్గాన్ని రద్దు చేయమనడం లేదు. నష్టమొచ్చే మార్గం తనంతట తానే ఆగిపోతుందనే వాదన మాత్రం నిలవదు. భర్తీ ఇచ్చేది మూడేళ్లు. అంతవరకూ ఖాళీ సీట్లకూ మనమే కడుతున్నాం. కాబట్టి కొత్త మార్గం ప్రకటించే ప్రతిసారీ విమాన సమయం పక్కనే ఊరి నుంచి ఊరికి పట్టే మొత్తం సమయాన్ని, రైలు, బస్సు సమయాలను అచ్చువేయించండి. భోగాపురంతోనే మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక పౌరుడు