మార్గదర్శకుని వేతనము, యాత్రికుని బక్షీసు

గోలకొండ కోట ద్వారముక్రింద నిలిచి గైడు చప్పట్లు చఱచును. సుమారు కిలోమీటరు దూరమున, కొండకొననున్న బాలాహిస్సారుపై నుండువారికి ఆ చప్పుడు వినవచ్చును. పిదప అతడు ఎండలో మెట్లెక్కుచు కాకతీయులనాటి కోటను గూర్చియు, కుతుబ్‌షాహీల వైభవమును గూర్చియు, కంచర్ల గోపన్న చెఱసాలను గూర్చియు, 1687లో కోట ఔరంగజేబు వశమైన విధమును గూర్చియు చెప్పును. దిగివచ్చిన తరువాత మాట్లాడుకొన్న రుసుము పుచ్చుకొని, చేయి చాచకయే చాచినట్లు క్షణకాలము నిలుచును. యాత్రికుడు తడబడును. ఒప్పుకొన్నది ఇచ్చితిమి గదా, పైని మఱియేమైన ఈయవలెనా?

ఇంత స్వల్పవిషయమునకు సంపాదకీయమా యని చదువరులలో కొందఱు నవ్వవచ్చును. కాని ఒక పనివాని పొట్టకు బాధ్యుడెవ్వడు, పని చేయించుకొని లాభము గడించువాడా, దారిన బోవు దాతయా, అనునదియే ఇందలి అసలు ప్రశ్న. అది స్వల్పమని మేమనుకొనజాలము.

మన దేశమున ఇచ్చుటకు పేళ్లు పెక్కులు గలవు. పండితునకిచ్చునది సంభావన, తాంబూలముతో, నమస్కారముతో ఇత్తురు. నౌకరునకు ప్రభువు విసరివేయునది బక్షీసు. కచేరీలో బంట్రోతు మొదలు పైవారివఱకు ముట్టజెప్పవలసినది మామూలు. గైడునకిచ్చు నాలుగు రూకలు ఈ మూడింటిలో ఏదియైన కావచ్చును. అది ఇచ్చువాని మనస్సుకంటెను ఆ గైడునకు సరియైన కూలి ముందుగా ముట్టినదా లేదా యనుదానిపైననే ఆధారపడియున్నది.

గత శీతకాలమున ఆ కోటవద్దనే మేమొక దృశ్యమును జూచితిమి. సొంత కారులో వచ్చిన ఒక సంపన్న కుటుంబము గైడు చెప్పిన రుసుమును బేరమాడి బేరమాడి సగమునకు దింపినది. రెండు గంటలు త్రిప్పించుకొని, ఫొటోలు తీయించుకొని, తుదకు ఇంటి యజమాని ఒక యేబది రూపాయల నోటును అతని జేబులో గ్రుక్కి, భుజము తట్టి, తన యౌదార్యమునకు తానే సంతసించెను. అది బక్షీసు కాదు. కోసికొన్నదానిలో కొంత తిరిగి యిచ్చుట. మనవారిలో ఈ గుణము మెండు. పొలములో కూలివానియెడలను ఇట్లే చేసి, పండుగనాడు పాతపంచె యిచ్చి ధర్మాత్ములమని మురియువారిని మనమెఱుగమా?

కూలి తగ్గించి బక్షీసుపై బ్రతుకుమనుట ఎంతదూరము పోవునో అమెరికా చరిత్ర తెలుపును. అంతర్యుద్ధము ముగిసి దాస్యము తొలగిన పిదప పుల్‌మన్ కంపెనీవారు తమ శయనశకటములలో పనికి విముక్తులైన నల్లవారిని చేర్చుకొని, స్వల్పజీతమిచ్చి, తక్కినది ప్రయాణికుల దయకు వదలిరి. ప్రయాణికులు వారిని కంపెనీ యజమాని పేరున ‘జార్జి’ యని పిలిచెడివారు. బానిసను యజమాని పేరున పిలిచిన పాతవాసన యది. 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వమున వారు సంఘము గట్టిరి. పండ్రెండేండ్లు పోరాడి 1937లో ఒడంబడిక సంపాదించిరి. నెలకు 400 గంటల చాకిరి 240 గంటలకు దిగెను, జీతము పెరిగెను. అయినను ఆ దేశమున టిప్పులు వచ్చు ఉద్యోగులకు యజమాని చేతినుండి ఈయవలసిన కనీసవేతనము, కేంద్రచట్టము ప్రకారము, గంటకు 2 డాలర్ల 13 సెంట్లు మాత్రమే. 1991 నుండి ఆ యంకె కదలలేదు. టిప్పులతో కూడ సాధారణ కనీసవేతనమునకు చాలనిచో తక్కువను యజమాని పూరింపవలెనని నియమము గలదు. కాని టిప్పు ముందు యజమానికే లాభించుచున్నదని దీనినిబట్టియే తెలియుటలేదా?

చీనావారికి మఱియొక చిక్కు వచ్చినది. కంపెనీలు ఖర్చుకంటె తక్కువకు యాత్రలమ్మి, గైడులకు జీతమీయక, యాత్రికులను దుకాణములకు తోలించి కమీషనుతో నష్టము పూడ్చుకొనసాగినవి. 2013 అక్టోబరు 1న అమలునకు వచ్చిన పర్యాటకచట్టము అట్టి యాత్రలను నిషేధించెను. గైడు బక్షీసు అడుగరాదనెను. అంతటితో ఆగిన అది పేదవానిపై మాత్రమే పడిన దండమగును. కాని తాత్కాలికముగ నియమించిన గైడునకు సైతము కంపెనీ పూర్తి రుసుము చెల్లింపవలెననియు, అతనినుండి ఎట్టి సొమ్మును వసూలు చేయరాదనియు ఆ చట్టమే శాసించెను. అమలు ఎట్లున్నను, ఈ రెండు నియమములు కలసియుండవలెనన్న వివేకము మెచ్చదగినది.

మనయొద్ద ఈ కమీషను రోగము లేదని యెవరనగలరు? చారిత్రక స్థలము చూపుట అరగంటలో ముగించి, ముత్యముల దుకాణములోనో పట్టువస్త్రముల దుకాణములోనో గంటన్నర కూర్చుండబెట్టు గైడును యాత్రికులు తిట్టుదురు. అతనికి దినబత్తెమెవరిచ్చిరని యొక్కరును అడుగరు. విదేశయాత్రల కంపెనీలు కొన్ని మనిషికి రోజునకింత యని టిప్పులను ముందే వసూలు చేయుచున్నవి. నిర్బంధముగ గైకొనునది టిప్పెట్లగును? దానిని టికెట్టు వెలలోనే చేర్చి చెప్పుట నిజాయితీ.

కనుక ఈయవలెనా వలదా యని మమ్మడుగువారికి మా సమాధానమిది. ముందు రుసుమును బేరమాడక పూర్తిగ నిండు. చెప్పిన చరిత్ర బాగుగనున్న, వృద్ధులను చేయిపట్టి మెట్లెక్కించిన, అడుగకముందే మఱికొంత గౌరవముతో నిండు. కట్టుకథలతో కాలము గడిపినవానికి ఈయ నక్కఱలేదు. సిద్ధాంతముపేర జీతములేనివానికి టిప్పు ఎగవేయుట మాత్రము సంస్కరణము కాదు. జపానులో టిప్పు లేదుగదా యని ఉదాహరించు మిత్రులు, అక్కడ కూలి ముట్టిన పిదపనే ఆ మర్యాద నిలిచినదని గమనింతురు గాక.

పర్యాటకశాఖలవారు చేయదగిన పని యొకటి గలదు. ప్రతి కోటద్వారమునను అనుమతిగల గైడు రుసుము గంటల లెక్కను, మనుష్యుల లెక్కను, తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు భాషలలో పెద్దయక్షరములతో వ్రాయించి నిలుపవలెను. ఆ పలకమీదనే, గైడు యాత్రికులను దుకాణములకు గొనిపోరాదనియు, కంపెనీ గైడైనచో అతని జీతము కంపెనీదే యనియు కూడ వ్రాయింపవలెను.