సభ్యుల సమ్మతి
2013 డిసెంబరులో ఢిల్లీ శాసనసభయందలి 70 స్థానములలో 28 మాత్రమే గెలిచిన ఆమ్ ఆద్మీ పార్టీ, 8 స్థానముల కాంగ్రెసు బయటినుండి ఒసగు మద్దతుతో అధికారము చేపట్టవచ్చునా యని, మా ద్వారకతో కూడ నగరమంతటి ప్రజలను, వార్డు సభలలో చేతులెత్తించియు, ఫోను సందేశములు రప్పించియు అడిగి, నగరవాసుల జవాబులలో నూటికి 74 అనుకూలములని ప్రకటించి, 28వ తేదీన ప్రభుత్వము నేర్పరచి, 49 దినములకే రాజీనామా యిచ్చినది. అడుగుట గొప్ప పనియే, మనసార మెచ్చుదును. కాని పార్టీ సభ్యుడును, ప్రత్యర్థియు, దారిన పోవువాడును సమానముగ జవాబీయగల ఆ పద్ధతిలో, ఉభయపక్షములు సంతకము చేసిన ఒడంబడిక యేదియు వారి యెదుట లేకపోయెను. అదే డిసెంబరులో జర్మనీ సోషల్ డెమోక్రాట్లు, ముందే ప్రకటితమైన ఒప్పందపత్రముపై తమ సభ్యులకే టపా ద్వారా బ్యాలెట్లు పంపి, నూటికి 76 వంతుల ఆమోదము పొందిన పిదపనే ఛాన్సలర్ మెర్కెల్ మంత్రివర్గమున చేరిరి. 2024లో 16 మంది లోక్‌సభ సభ్యులతో తెలుగుదేశము కేంద్రప్రభుత్వమున చేరినప్పుడు లక్షలాది సభ్యులకు బ్యాలెట్టే లేదు. రుసుము కట్టి, జెండా మోసి, ఎండలో పోలింగు బూతు కాచిన కార్యకర్తకు ఒప్పందపు కాగితము చూపి, చదువుకొనుటకు గడువిచ్చి, రహస్యముగ ఓటడుగవలెనని మన పార్టీలన్నింటిని కోరుచున్నాను.