మా అమ్మని ఉక్కుమనిషిని చెయ్యొద్దు

తల్లి దిగులు బిడ్డకి అంటుద్దా అని అడిగితే రెండు రకాల మనుషులు రెండు రకాల జవాబులు చెప్తారు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. ఒకరు బయటోళ్ళు. ఇంకొకరు మనోళ్ళే.

బయటోళ్ళ సంగతి ముందు చెప్తా. నేను బి.ఇడి. చదివేటప్పుడు మనోవిజ్ఞానశాస్త్రం చెప్పే సారొకాయన, తల్లీబిడ్డల అనుబంధం పాఠం చెప్తా చెప్తా, "కూలినాలి జనంలో తల్లులకి పిల్లల మీద ధ్యాస ఉండదు. అందుకే వాళ్ళ పిల్లలు బడిలో మొద్దుల్లా కూచుంటారు" అన్నాడు. ఆ క్లాసులో పల్లె నుంచి వచ్చినోళ్ళం నలుగురం. నలుగురం తలలొంచుకున్నాం. ఆయన బౌల్బీ పేరు చెప్పాడు. జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి రాసిచ్చిన నివేదికలో, పసిబిడ్డకి తల్లితోగానీ తల్లిలాగా చూసుకునే ఇంకో మనిషితోగానీ వెచ్చని, తెగిపోని సంబంధం ఉండాలన్నాడు. యుద్ధం తర్వాత ఇళ్ళూవాకిళ్ళూ లేకుండా పోయిన పిల్లల కోసం రాసిన మాట. మంచిమాటే. దాన్ని పట్టుకొచ్చి మా అమ్మల నెత్తిన కొట్టడమెందుకు? బిడ్డకివ్వాల్సిన ఆ వెచ్చదనం తల్లికి ఎక్కణ్ణుంచి రావాల, ఆమెకి ఎవరిస్తున్నారు అని మా సారు అడగలేదు. మార్కులు మాత్రం అడిగాడు.

ఇక మనోళ్ళు. మన కవులూ, మన కథకులూ, మీటింగుల్లో మైకు పట్టుకునే మన అన్నలూ. అమ్మ మీద రాయని దళిత కవి ఉన్నాడా? అమ్మంటే నిప్పు, అమ్మంటే ఉక్కు, అమ్మ కన్నీళ్ళు మింగి కత్తయింది. చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తది, నేను కాదన్ను. కానీ ఆ రాతల్లో అమ్మ గోడకేసి తిరిగి కూచోదు. వారం రోజులు తల దువ్వుకోకుండా ఉండదు. బిడ్డ ఏడుస్తుంటే ఎవరి బిడ్డో అన్నట్టు చూడదు.

మా అమ్మ చూసింది.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగోళ్ళని చంపారు. మా ఊరు కారంచేడుకి చాలా దూరం. అయినా ఆ ఏడు మా మాదిగపల్లెలో రాత్రిళ్ళు కుక్క మొరిగితే మొగోళ్ళు లేచి కూచునేవోళ్ళు. అమ్మ అప్పుడు కడుపుతో ఉంది. డిసెంబరులో తమ్ముడు పుట్టాడు. నాకు పదేళ్ళు. నాయన ఆసామి దగ్గర పాలేరు. ముందే వాడుకున్న జీతం తీరాలంటే అమ్మ కూడా కోతలకి పోవాల. నెల తిరక్కుండానే పోయింది.

మిరపకాయ కోసిన చేతుల సంగతి తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు, తెలవనోళ్ళకి చెప్పినా అర్థం కాదు. అయినా చెప్తా. పొద్దుగూకిందాకా కాయలు కోసి, కళ్ళంలో తాలుకాయ ఏరి ఇంటికొస్తే గోళ్ళ సందుల్లో మంట తెల్లారేదాకా ఉంటది. సబ్బుకి పోదు, మజ్జిగకి పోదు, కొబ్బరినూనె రాసినా పోదు. ఆ చేత్తో తడిమితే బిడ్డ కెవ్వుమంటాడు. రొమ్ముకి ఆ చెయ్యి తగిలితే పాలు తాగే మూతి మండుద్ది. అందుకని అమ్మ తమ్ముణ్ణి మోచేతుల మీద ఎత్తుకునేది. వేళ్ళు దూరంగా చాపి పెట్టుకునేది. బిడ్డ మొహం నిమరని తల్లి అని మీ పుస్తకంలో రాస్తే, ఆ చేతికి మంట పెట్టిందెవరో కూడా రాయండి.

కొన్నాళ్ళకి ఎత్తుకోవడం కూడా మానేసింది. కోతకి పోయేది, వచ్చేది, గోడకేసి కూచునేది. రైక పాలతో తడిసిపోతన్నా లేచేది కాదు. గాలి సోకిందన్నారు. మంత్రగాడొచ్చి తాయెత్తు కట్టాడు. పాస్టరుగారొచ్చి నూనె రాసి ప్రార్థన చేశాడు. నాయన సారా తాగొచ్చి కొట్టాడు. తాయెత్తు ఒకసారే కట్టారు, ప్రార్థన రెండుసార్లు జరిగింది, మూడో వైద్యం మాత్రం రోజూ జరిగింది. ఇది రాస్తే మనోళ్ళ పరువు పోద్దని కొందరంటారు. అమ్మ వీపు మీద వాతలు తేలినప్పుడు పోని పరువు నేను రాస్తే పోద్దా?

తమ్ముడు మొదట్లో గుక్కపట్టి ఏడ్చేవాడు. తర్వాత మెల్లగా ఏడ్చేవాడు. నాలుగో నెల కల్లా ఏడుపు మానేశాడు. చీర ఉయ్యాల్లో పడుకుని పైకప్పు తాటాకులకేసి చూసేవాడు. "వీడెంత బుద్ధిమంతుడే, ఏడుపే ఎరగడు" అని నాయనమ్మ మురిసిపోయేది. పల్లెంతా మురిసిపోయింది. ఏడవని బిడ్డ కూలితల్లికి వరం గదా.

ఆ బుద్ధి ఎందుకొచ్చిందో చాలా ఏళ్ళకి నాకు తెలిసింది. అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే ఆయన 1970లలో ఒక పరీక్ష చేశాడు. తల్లి కొన్ని నెలల బిడ్డని ఎదురుగా కూచోబెట్టుకుని ఆడిస్తది. తర్వాత రెండు మూడు నిమిషాలు మొహంలో ఏ కదలికా లేకుండా చూస్తది. బిడ్డ ముందు నవ్వుతాడు, చేతులు చాపుతాడు, కేకేస్తాడు. తల్లిని వెనక్కి తెచ్చుకోవాలని తనకి తెలిసిన విద్యలన్నీ చేస్తాడు. అప్పటికీ ఆమె పలక్కపోతే మొహం తిప్పుకుంటాడు, ఒళ్ళు వాల్చేస్తాడు. అక్కడ అది నిమిషాల ఆట. మా ఇంట్లో నెలల తరబడి నడిచింది. పసిబిడ్డకి తన ఏడుపుని తను ఆపుకోవడం రాదు. ఎవరో ఎత్తుకుని ఆపితే, అట్లా వందసార్లు ఆపితే, అప్పుడు నేర్చుకుంటాడు. పిలిచినా పలికే మొహం లేకపోతే పిలవడం మానేస్తాడు. మేం బుద్ధి అనుకున్నది అదీ.

అట్లాగని తమ్ముడి బతుకు నాశనమైపోయిందని ఎవరూ రాసుకోవద్దు. మా సారు లాంటోళ్ళకి ఆ మాట చాలా ఇష్టం. ఆ ట్రానిక్కే ఇంకో సంగతి కూడా చెప్పాడు: బాగున్న తల్లీబిడ్డల మధ్య కూడా చాలాసేపు శ్రుతి కుదరదు, తప్పిన శ్రుతిని మళ్ళీ కలుపుకోవడంలోనే బిడ్డ నేర్చుకునేది ఉందని. ఐదో తరగతి మధ్యలో బడి మానేసి తమ్ముణ్ణి చంకనేసుకున్నదాన్ని నేను. వాడు మళ్ళీ నవ్వింది నన్ను చూసే. ఎండలు ముదిరాక అమ్మమ్మ వచ్చి, నాయనతో పోట్లాడి, అమ్మనీ బిడ్డనీ తన ఊరు తీసకపోయింది. వానలు పడేదాకా పనికి పంపలేదు. నూనె పెట్టి తలంటింది, పక్కన పడుకుంది, చుట్టుపక్కల ఆడోళ్ళు వచ్చి కూచున్నారు. కొట్టేవాడు లేడు. అమ్మ లేచింది. మాటలు లేటుగా వచ్చాయి గానీ తమ్ముడూ లేచాడు. ఇవాళ గుంటూరులో ఆటో నడుపుకుంటున్నాడు. నేను మళ్ళీ బడికి పోవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళు ఎవరి ఖాతాలో రాయాలో నాకిప్పటికీ తెలవదు.

దీన్ని మందులతో పోయే జబ్బంటారా, కులం తెచ్చిన జబ్బంటారా అని మన కుర్రోళ్ళు నన్ను మీటింగుల్లో నిలదీస్తారు. రెండూ అయితే ఏం? గోవాలో విక్రమ్ పటేల్, ఆయన తోటివాళ్ళు బాలింతల్ని అడిగి 2002లో ఒక అధ్యయనం అచ్చేశారు. కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి 100 మందిలో 23 మందికి కుంగుబాటు ఉంది. లేమి, మొగుడితో పొసగకపోవడం దానికి కారణాలుగా తేలాయి. ఆకలీ తన్నులూ ఉన్నచోట ఆడపిల్ల పుడితే మరీ ఎక్కువ. ఆకలి ఎవరి వాటాకి ఎక్కువొచ్చిందో డాక్టర్లు రాయక్కర్లేదు, మనకి తెలుసు. కులం పోతే ఈ దిగులు తగ్గుద్దని నేనూ నమ్ముతా. కానీ ఉయ్యాల్లో ఉన్నవాడు అప్పటిదాకా ఆగడు గదా.

పోనీ ఇప్పుడు చెయ్యగలిగింది లేదా అంటే ఉంది. పాకిస్తాన్‌లో, రావల్పిండి పల్లెల్లో, అతీఫ్ రహ్మాన్ బృందం పెద్ద డాక్టర్లని కాదు, ఊళ్ళల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలకే తర్ఫీదిచ్చి దిగులుతో ఉన్న గర్భిణుల ఇళ్ళకి పంపింది. కూచుని మాట్లాడటం, బిడ్డతో ఆడించడం, ఇంట్లోవాళ్ళని కలుపుకోవడం, అంతే. 2008లో లాన్సెట్ పత్రికలో ఫలితాలొచ్చాయి. బిడ్డకి ఆర్నెల్లు వచ్చేసరికి, ఆ సాయం అందిన తల్లుల్లో 23 శాతం మందే ఇంకా కుంగుబాటులో ఉన్నారు. అందనోళ్ళల్లో 53 శాతం. బిడ్డలకి విరేచనాలు తగ్గాయి, టీకాలు పెరిగాయి. అమ్మమ్మ చేసింది అదే గదా అనిపించింది నాకు. అందరికీ అట్లాంటి అమ్మమ్మ ఉండదు కాబట్టే సర్కారు చెయ్యాలంటున్నా.

ఇది కొత్త కోరిక కూడా కాదు. 1928లోనే బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు మీద మాట్లాడతా అంబేద్కర్, కాన్పుకి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దేశానికే మేలనీ, ఆ భారం చాలావరకు ప్రభుత్వం మొయ్యాలనీ వాదించాడు. 1961లో ప్రసూతి ప్రయోజనాల చట్టమొచ్చింది. 2017లో సెలవు 26 వారాలకి పెంచారు. బాగుంది. మిరపచేలో ఆ సెలవు చీటీ ఎవరికివ్వాల? మేస్త్రీకా, ఆసామికా?

మన ఉద్యమాన్ని కూడా ఒకమాట అడుగుతా. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేసింది, 2014లో హైకోర్టు శిక్షపడిన అందర్నీ వదిలేసింది. 1991లో తల్లి కడుపులో ఉన్న బిడ్డకి అప్పటికి ఇరవై రెండేళ్ళు. నేను చదివిన నిజనిర్ధారణ నివేదికల్లో శవాల లెక్కుంది, గొడ్డళ్ళ లెక్కుంది, కేసు సెక్షన్లున్నాయి. ఆ రాత్రుల తర్వాత చంటిబిడ్డల తల్లులు నిద్రపోయారా, పాలిచ్చారా, బిడ్డ మొహం చూశారా అన్న ప్రశ్న నాకు కనపడలేదు. అది రాస్తే పోరాటం మెత్తబడుద్దని భయమా?

1987లో ఎడిన్‌బరోలో బాలింతల కోసం పది ప్రశ్నల కాగితం తయారుచేశారు. నవ్వగలుగుతున్నావా, ఊరికే భయమేస్తుందా, ఏడుపొస్తుందా, చచ్చిపోవాలనిపిస్తుందా, ఇట్లాంటివి. అడగడానికి ఐదు నిమిషాలు చాలు. మనం ఆ పది ప్రశ్నల్నీ మన పల్లె మాటల్లోకి తెచ్చి, ఆశా కార్యకర్తల చేతుల్లో పెట్టమని కలెక్టరాఫీసు ముందు కూచోవాల. ఆ తర్వాత పోవడానికి ఆసుపత్రీ, పని మానితే తినడానికి కూలిడబ్బులూ కూడా అడగాల. ఆ అడిగే మనిషి మాత్రం మన పల్లెదయి ఉండాల, పక్కన కూచుని మంచినీళ్ళు తాగేదయి ఉండాల. లేకపోతే మా అమ్మలు గోడ మీంచి మొహం తిప్పకుండానే "బాగానే ఉన్నానమ్మా, నువ్వెళ్ళిరా" అని పంపేస్తారు.